దేహపుష్టి – అస్థిబలం: లెక్కలోని మెలిక

ఒళ్లు కాస్త నిండుగా ఉన్న మనిషి ఎముకలు గట్టిగా ఉంటాయనీ, బక్కపలచని మనిషి జారిపడితే ఎముక విరగక మానదనీ తెలుగునాట పెద్దలు అనుకోవడం కద్దు. ఈ నమ్మకం నిరాధారమైనది కాదు. వేలాది మందిని తూచి, వారి ఎముకల సాంద్రతను కొలిచిన పరిశోధకులకు సైతం మొదట కనిపించినది ఇదే. అయితే అవే అంకెలను మరొక పద్ధతిలో లెక్కించినప్పుడు ఫలితం తలకిందులైంది. కొవ్వు పెరిగిన కొద్దీ ఎముకల సాంద్రత తగ్గుతున్నట్లు తేలింది. మనుషులు వారే, కొలతలు అవే, కొలిచిన యంత్రమూ అదే. మారినదల్లా లెక్కలో చేసిన ఒక ‘సర్దుబాటు’ మాత్రమే.

ఇది పండితుల చర్చకు పరిమితమైన విషయం కాదు. ‘కొవ్వు ఎముకలకు రక్ష’ అన్న మాటను నమ్మిన వైద్యుడు భారీకాయం గల వృద్ధురాలికి ఎముకల పరీక్ష అక్కరలేదని పంపివేయవచ్చు. ‘కొవ్వు ఎముకలకు శత్రువు’ అన్న మాటను చదివిన యువతి తిండి మానుకొని చిక్కిపోవచ్చు. రెండు వార్తలూ నిజమైన పరిశోధనల నుంచి పుట్టినవే కావచ్చు. రెండింటికీ గల తేడా తెలియాలంటే ఆ లెక్క ఎలా సాగిందో తెలియాలి.

ముందుగా ఎముకను కొలిచే తీరు చూడాలి. ‘డెక్సా’ అనే యంత్రం రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్ కిరణాలను శరీరం గుండా పంపుతుంది. ఎముక, దాని చుట్టూ ఉన్న మెత్తని కణజాలం ఈ కిరణాలను వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. ఆ తేడాను బట్టి ఎముకలో ఖనిజం ఎంత ఉన్నదో యంత్రం లెక్కకట్టి, చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని చెబుతుంది. ఆ విలువను ఆరోగ్యవంతులైన యువజనుల సగటుతో పోల్చి, ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉన్నదో తెలిపే అంకెను టి-స్కోరు అంటారు. అది మైనస్ 2.5 గాని అంతకంటె తక్కువ గాని అయితే ఎముకలు గుల్లబారిన స్థితిగా, అనగా ఆస్టియోపోరోసిస్‌గా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 1994లో నిర్ణయించింది.

ఈ కొలతలోనే ఒక చిక్కు ఉంది. నిజమైన సాంద్రతను ఘనపరిమాణంతో భాగించి చెప్పాలి; డెక్సా మాత్రం ఎముక పరచిన నీడ వైశాల్యంతో భాగిస్తుంది. ఒకే చెక్కతో రెండు ఘనాలు చేయించామనుకుందాం. ఒకదాని అంచు 1 సెంటీమీటరు, రెండవదాని అంచు 2 సెంటీమీటర్లు. పెద్ద ఘనం బరువు చిన్నదానికి ఎనిమిది రెట్లు. దాని నీడ వైశాల్యం నాలుగు రెట్లు. బరువును నీడతో భాగిస్తే పెద్దది రెట్టింపు సాంద్రత గలదిగా కనిపిస్తుంది. చెక్క మాత్రం ఒక్కటే! ఈ కారణంగానే పొడగరుల పెద్ద ఎముకలు వాస్తవానికి మించిన సాంద్రతతోనూ, పొట్టివారి చిన్న ఎముకలు వాస్తవానికి తక్కువ సాంద్రతతోనూ కనిపించే అవకాశం ఉంది.

ఇక దేహాన్ని కొలవడం. బరువును ఎత్తు వర్గంతో భాగించే సూత్రాన్ని బెల్జియం దేశపు గణిత ఖగోళ శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే 19వ శతాబ్దం పూర్వార్ధంలో ప్రతిపాదించాడు. ఆయన వైద్యుడు కాడు. ‘సగటు మనిషి’ స్వరూపాన్ని అన్వేషించినవాడు. 1972లో అమెరికన్ శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ ఆ సూత్రానికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టాడు. నేడు ఆసుపత్రులలో వినబడే బి.ఎం.ఐ. అదే. బరువు కండదో కొవ్వుదో ఆ సూచికకు తెలియదు. పుణె నగరానికి చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ దేహాలనే ఉదాహరణగా చూపుతూ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. అయితే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా, యాజ్నిక్ శరీరంలో 21.2 శాతం. పక్కపక్కన నిలబడిన ఆ ఇద్దరినీ సూచిక ఒకే మనిషిగా లెక్కించింది.

ఈ రెండు కొలతలనూ జతచేసి చూస్తే, బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఎముకల సాంద్రత కూడా ఎక్కువగా ఉంటుంది. దీనికి కారణాలు తెలిసినవే. ఎముక తనపై పడే భారానికి తగినట్లు తన్ను తాను మలచుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. భారం లేకపోతే ఏమవుతుందో అంతరిక్ష యాత్రికులను చూస్తే తెలుస్తుంది. వారు తగిన వ్యాయామం చేయనిచో తుంటి ప్రాంతంలో నెలకు సుమారు ఒక శాతం, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగానే ఎముకను కోల్పోతారు. దీనికి తోడు, ఋతుక్రమం ఆగిన స్త్రీలలో అండాశయాలు ఈస్ట్రోజన్ ఉత్పత్తిని దాదాపు నిలిపివేసిన తరువాత కొవ్వు కణజాలమే ఆ హార్మోనును కొంత తయారుచేస్తుంది. ఎముక క్షయాన్ని అడ్డుకునే హార్మోను అదే. మన ఆయుర్వేదం సప్తధాతువులను చెబుతూ మేదస్సు తరువాత అస్థిని పేర్కొనడం ఇక్కడ జ్ఞాపకం రాక మానదు. అయితే ఆ క్రమానికీ ఈ పరిశోధనలకూ ముడిపెట్టడం తొందరపాటే అవుతుంది.

ఇప్పుడు సర్దుబాటు అంటే ఏమిటో చూద్దాం. ఒక పాఠశాలలో అన్ని తరగతుల పిల్లలనూ నిలబెట్టి, వారి చెప్పుల కొలతలనూ, వారు అప్పజెప్పగల పద్యాల సంఖ్యనూ రాసుకుంటే, పెద్ద చెప్పులు తొడిగిన పిల్లలకే ఎక్కువ పద్యాలు వస్తాయని తేలుతుంది. పాదం పెరిగితే ధారణశక్తి పెరుగుతుందని ఎవరూ అనరు. వయస్సు పెరగడం వల్ల రెండూ పెరిగాయి. ఒకే వయస్సు పిల్లలను మాత్రమే పోల్చితే ఆ సంబంధం మాయమైపోతుంది. వయస్సును ఈ విధంగా స్థిరంగా ఉంచి చూడడమే ‘వయస్సుకు సర్దుబాటు చేయడం’. పిల్లలను వయస్సుల వారీగా జట్లు చేసి పోల్చవచ్చు. లేదా సమీకరణంలో వయస్సును ఒక పదంగా చేర్చి, అందరూ ఒకే వయస్సువారైతే ఫలితం ఎలా ఉంటుందో గణితం ద్వారా అంచనా వేయవచ్చు.

భారతీయ తార్కికులకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. ‘పర్వతంపై నిప్పు ఉన్నది, కనుక పొగ ఉన్నది’ అనే అనుమానంలో వారు దోషం పట్టారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నా పొగ రాదు. పొగకు నిప్పు ఒక్కటే చాలదు, తడి కట్టె కూడా తగలాలి. దాగి ఉండి వాదాన్ని పక్కదారి పట్టించే ఇటువంటి అంశానికి వారు ‘ఉపాధి’ అని పేరు పెట్టారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ ఈ దోషాన్ని ఇదే ఉదాహరణతో వివరిస్తుంది. తార్కికుడు ఉపాధిని చూపి వాదాన్ని కొట్టివేస్తాడు. సాంఖ్యక శాస్త్రజ్ఞుడు మాత్రం ఆ ఉపాధి పాలు ఎంతో లెక్కగట్టి, దాన్ని తీసివేయగా మిగిలిన సంబంధం ఎంతో చెప్పజూస్తాడు.

ఇక అసలు చిక్కుకు వద్దాం. 2007లో ఒక పరిశోధక బృందం 1,988 మంది చైనీయులనూ, 4,489 మంది తెల్లజాతి వారినీ పరిశీలించి ఫలితాలు ప్రకటించింది. కొవ్వుకూ ఎముకల ఖనిజానికీ గల సంబంధాన్ని నేరుగా చూసినప్పుడు అది అనుకూలంగానే ఉంది. దేహభారం ఎముకపై కలిగించే ప్రభావాన్ని సర్దుబాటు చేసి చూసినప్పుడు ప్రతికూలంగా మారింది. రెండు జాతులలోనూ ఇదే జరిగింది. అంతకు ముందు సంవత్సరం చైనాలోని అన్హుయి రాష్ట్రంలో పదమూడు వేలకు పైగా స్త్రీ పురుషులపై జరిగిన అధ్యయనం మరింత సూటియైన పద్ధతిని అనుసరించింది. బరువులో ఐదేసి కిలోల తేడాతో మనుషులను తరగతులుగా విడగొట్టి, ఒక్కొక్క తరగతిలో ఎక్కువ కొవ్వు గలవారిని తక్కువ కొవ్వు గలవారితో పోల్చింది. ఒకే బరువు తరగతిలో ఎక్కువ కొవ్వు ఉన్నవారి ఎముకలలో ఖనిజం తక్కువగా ఉంది.

ఈ ఫలితాన్ని చూసి, బరువు అనే ముసుగు తొలగించగానే కొవ్వు నిజస్వరూపం బయటపడిందని కొందరు భావించారు. అది పూర్తిగా సరికాదు. తడి కట్టె నిప్పులో భాగం కాదు. వయస్సు పాదంలో భాగం కాదు. కొవ్వు మాత్రం బరువులో భాగమే. కొవ్వు, కండ, ఎముక, తక్కిన అవయవాలు కలిస్తేనే బరువు. ఒక భాగాన్ని పెంచుతూ మొత్తాన్ని స్థిరంగా ఉంచాలంటే మరొక భాగం తగ్గక తప్పదు.

ఒక ఊహాలెక్క వేస్తే ఇది తేటపడుతుంది. కొవ్వు కాని దేహభాగాన్నంతా సౌలభ్యం కోసం ‘కండ’ అందాం. ఒక కిలో కండ ఎముకకు 3 పాళ్ల బలాన్నీ, ఒక కిలో కొవ్వు 1 పాలు బలాన్నీ ఇస్తాయనుకుందాం. అనగా ఈ లెక్కలో కొవ్వు ఎముకకు ఏ హానీ చేయదు, ఎంతో కొంత మేలే చేస్తుంది. మొదటి స్త్రీకి 40 కిలోల కండ, 15 కిలోల కొవ్వు. బరువు 55, ఎముక బలం 135 పాళ్లు. రెండవ స్త్రీకి కండ అంతే, కొవ్వు 25 కిలోలు; బరువు 65, బలం 145. వీరిద్దరినీ పోల్చితే కొవ్వు ఎక్కువైనచోట ఎముక బలమూ ఎక్కువే. మూడవ స్త్రీ బరువు కూడా 65 కిలోలే గాని, అందులో కండ 30, కొవ్వు 35. ఆమె ఎముక బలం 125. బరువు సమానంగా ఉన్న రెండవ, మూడవ స్త్రీలను పోల్చి చూస్తే 10 కిలోల కొవ్వు పెరిగినచోట బలం 20 పాళ్లు తగ్గింది! కొవ్వు ఏ పాపమూ ఎరుగదు. మూడవ స్త్రీ కోల్పోయినది 10 కిలోల కండ. ‘బరువును స్థిరంగా ఉంచి కొవ్వును పెంచడం’ అనే మాటకు అర్థం ‘కండను తీసి ఆ స్థానంలో కొవ్వును పెట్టడం’ అని ఆ వాక్యంలో ఎక్కడా కనిపించదు. మెలిక అక్కడ ఉంది.

బరువుకు బదులు కండను స్థిరంగా ఉంచితే ప్రశ్న మారిపోతుంది. అప్పుడు పోలిక మొదటి, రెండవ స్త్రీల మధ్య సాగుతుంది. నిజమైన అధ్యయనాలలో కూడా ఈ పద్ధతి అనుసరించినప్పుడు, ముఖ్యంగా ఋతుక్రమం ఆగిన స్త్రీలలో, కొవ్వుకూ ఎముకకూ అనుకూల సంబంధమే తరచు కనిపిస్తుంది.

అంతమాత్రాన కొవ్వు నిర్దోషి అని తీర్పు చెప్పరాదు. పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు, చర్మం కింద ఉండే కొవ్వు ఒకటి కావు. లోపలి కొవ్వు శరీరంలో వాపును ప్రేరేపించే పదార్థాలను విడుదల చేస్తుంది. అవి ఎముకను కరిగించే కణాలకు ఊతమిస్తాయి. ఎముక మజ్జలోని ఒకే మూలకణం నుంచి ఎముక కణమైనా పుట్టవచ్చు, కొవ్వు కణమైనా పుట్టవచ్చు. కాబట్టి ప్రతికూల సంబంధంలో కొంత అంకగణితం, కొంత జీవరసాయనం కలిసి ఉండవచ్చు. సమీకరణం ఒక్కటే వాటిని విడదీయలేదు.

నడుము చుట్టుకొలత విషయంలోనూ ఇదే కథ. అమెరికా జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే సమాచారంతో జరిగిన విశ్లేషణలలో నడుము పెద్దదైన కొద్దీ ఎముకల సాంద్రత మొదట ఎక్కువగా కనిపించింది, బి.ఎం.ఐ.ని సర్దుబాటు చేసిన తరువాత తక్కువగా కనిపించింది. నీర్ క్రకౌర్, జెస్సీ క్రకౌర్ 2012లో ప్రతిపాదించిన దేహాకృతి సూచికలో నడుము కొలతను బి.ఎం.ఐ., ఎత్తుల నిర్ణీత ఘాతాలతో భాగిస్తారు. ఇక్కడ సర్దుబాటు సూత్రంలోనే ఇమిడి ఉంది. ఆ సూచికను వాడినవారు తాము ఏ సర్దుబాటూ చేయలేదని చెప్పినా, చేసినట్లే.

ఎముక సాంద్రత నుంచి ఎముక విరగడానికి వచ్చేసరికి మరొక రకం మెలిక ఎదురవుతుంది. రోగికి కావలసినది టి-స్కోరు కాదు, పడినా విరగని ఎముక. 25 దేశాలకు చెందిన 3,98,610 మంది స్త్రీల సమాచారాన్ని క్రోడీకరించిన విశ్లేషణ ఒకటి 2014లో వెలువడింది. బి.ఎం.ఐ. 25 ఉన్నవారితో పోల్చితే 35 ఉన్నవారికి, గుల్లబారిన ఎముకలు విరిగే ముప్పు 13 శాతం తక్కువ. ఎముకల సాంద్రతకు సర్దుబాటు చేసినప్పుడు అదే ముప్పు 16 శాతం ఎక్కువ అయింది.

ఇక్కడ సాంద్రత మూడవ అంశం కాదు. కారణానికీ కార్యానికీ నడుమ ఉన్న లంకె. బరువు సాంద్రతను పెంచుతుంది, సాంద్రత విరగకుండా కాపాడుతుంది. ఆ సాంద్రతను స్థిరపరిస్తే బరువు చేసిన మేలు లెక్కలోనుంచి తొలగిపోతుంది. మిగిలేవి దాని కీళ్లు మాత్రమే: పడినప్పుడు తగిలే దెబ్బ బలంగా ఉండడం, నడకలో నిలకడ తగ్గడం వంటివి. కనుక ఈ రెండు అంకెలూ రెండు ప్రశ్నలకు సమాధానాలు. ‘భారీకాయులైన స్త్రీలకు మొత్తం మీద ముప్పు ఎంత?’ అన్నది మొదటి ప్రశ్న. ‘టి-స్కోరు సమానంగా ఉన్న ఇద్దరిలో భారీకాయం గలామెకు ఆ బరువు అదనపు రక్షా?’ అన్నది రెండవది. కాదనే దాని సమాధానం. పరీక్షా ఫలితం చేతిలో ఉన్న వైద్యునికి పనికివచ్చేది రెండవదే. పైగా శరీరంలోని ఎముకలన్నీ ఒకేలా ప్రవర్తించవు. పది దేశాల స్త్రీలను పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో ప్రకటించిన ఫలితాలలో, స్థూలకాయులకు చీలమండ విరిగే ముప్పు ఎక్కువగా కనిపించింది.

ఈ విషయంలో తెలుగునేలపై జరిగిన పరిశోధనలు చెప్పుకోదగినవి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయస్సు గల 289 మంది పేద స్త్రీల ఎముకలను పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. తొడ ఎముక మెడ భాగంలో ఆస్టియోపోరోసిస్ ఉన్నవారు సుమారు 29 శాతం. అరవై ఏళ్లు దాటనివారిలో ఇంత పెద్ద సంఖ్య! తరువాత హైదరాబాదు పరిసరాలలోని పల్లెలను కూడా చేర్చుకొని సాగిన అధ్యయనాలలో, ఎముకల ఖనిజంతో కొవ్వుకంటె కండకే గట్టి సంబంధం ఉన్నట్లు స్త్రీ పురుషులిద్దరిలోనూ తేలింది. ఊహాలెక్కలో 3 పాళ్లు, 1 పాలు అనుకున్నది పూర్తిగా కల్పన కాదన్నమాట.

ఆ 29 శాతాన్ని చదివేటప్పుడు చెక్కఘనాల ఉదాహరణను మరొకసారి తలచుకోవాలి. పేద స్త్రీలు సాధారణంగా పొట్టివారు. వారి ఎముకలూ చిన్నవి. డెక్సా వారి సాంద్రతను ఉన్నదానికంటె తక్కువగా చూపి ఉండవచ్చు. ఎత్తుకు సర్దుబాటు చేస్తే ఆ సంఖ్య కొంత తగ్గవచ్చు, అలా చేయడమే న్యాయమని ఒక గణకుడు వాదించవచ్చు. కాని ఆ స్త్రీలు పొట్టిగా ఉండడానికి చిన్ననాడు కడుపునిండా తిండి లేకపోవడమే కారణమైతే, వారి ఎత్తును స్థిరపరచి లెక్కించడమంటే, ఆ ఆకలి వారి ఎముకలకు చేసిన హానిలో కొంత భాగాన్ని లెక్కలోనుంచి తుడిచివేయడమే అవుతుంది.